భోజనాల బల్ల మీద ట్యాబ్ కేసు

ఆ శనివారం ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీలు కాగానే మామగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఐదేళ్ల మనవరాలికి ట్యాబ్ ఇవ్వవచ్చో ఇవ్వకూడదో ఒక మాట తేల్చేస్తారు. ఇవ్వవచ్చనే అంటారు. పిల్ల ఆ ట్యాబ్ పట్టుకుని హాల్లో ఒక మూల కూర్చుంటుంది. పదకొండు గంటలకు కోడలు పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ప్రమోషన్ ఇంటర్వ్యూకి హాజరవుతుంది. ఇంత సాఫీగా అంతా జరిగిపోతుందని ఆమె నమ్మిందంటే, పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమెలో ఆశ చావలేదన్నమాట.

ఆమె నీటి సరఫరా సంస్థలో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తుంది. కుళాయిలో నీళ్లు రాకపోయినా, వచ్చిన నీళ్లు ఆగకపోయినా జనం ఫోన్ చేసి తిట్టేది ఆమెనే. ఆమె అందరి గోడూ ఓపికగా వింటుంది. విన్నాక "తప్పకుండా చూస్తామండీ" అంటుంది. కాదు, కుదరదు, ఇక చాలు అనే మాటలు ఆమె నోటి నుంచి ఆఫీసులోగానీ ఇంట్లోగానీ ఎవరూ విని ఎరగరు. ఆ విభాగం పైఅధికారి పదవికి కిందటిసారి ఇంటర్వ్యూకి వెళ్తే, "మీరు చాలా బాగా వింటారు. విన్నాక ఏం చేస్తారో మాత్రం మాకు అర్థం కాలేదు" అని మర్యాదగా పంపించేశారు. ఈసారీ తప్పితే ఆ కుర్చీ ఆమె తర్వాత చేరిన కుర్రాడికి పోతుంది. అతను ఫోన్ ఎత్తి "రాంగ్ నంబర్" అని పెట్టేసి, తన హయాంలో ఫిర్యాదులు సగానికి తగ్గాయని చెప్పుకుంటున్న మనిషి.

ఇంటర్వ్యూ కంటే పెద్ద గండం ఇంట్లోనే ఉంది. పిల్లకి ఒక చక్కని పేరు పెట్టారుగానీ అది బడిలో హాజరుకి తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఇంట్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ ఆమె పేరు సైరన్. ఒకసారి మందు తాగనని గొంతెత్తితే, పై అంతస్తువాళ్లు నిప్పంటుకుందనుకుని ముఖ్యమైన కాగితాలూ బంగారమూ పట్టుకుని కిందికి దిగిపోయారు. అలాంటి పిల్లని గంటసేపు పార్కుకి తీసుకెళ్లమని కోడలు భర్తని అడిగింది. అయితే పిల్ల మేనత్త పుట్టినరోజు కానుకగా పంపిన ట్యాబ్ డబ్బా విప్పకుండా బీరువా మీద ఉంది. ఆ సంగతి సైరన్‌కి తెలుసు. విప్పని డబ్బా ఇంట్లో ఉండగా ఆమె గడప దాటదు.

డబ్బా విప్పకపోవడానికి కారణం అత్తగారు. చిన్నపిల్లలకి ట్యాబ్ ఏమిటని ఆవిడ అడ్డం తిరిగారు. ఈ ఇంట్లో ఇద్దరు రెండు మాటలంటే, మూడో మాట మామగారిది.

మామగారు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. జడ్జి పైన కూర్చుంటే ఆయన కింది బల్ల దగ్గర కూర్చునేవారు. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని జడ్జిగారూ అని పిలుస్తారు. పిలిచేవాళ్లని సరిదిద్దడం మర్యాద కాదని ఆయన ఊరుకున్నారు. ఇంట్లో తగాదాలన్నీ ఆయన ముందుకే రావాలి. ఇందులో ఇంటిల్లిపాదీ గమనించని చిన్న లోపం ఒకటుంది. ఆ కోర్టులో తీర్పులు చెప్పింది జడ్జిగారు. మామగారు ఇచ్చింది వాయిదా తేదీలు. ఆ విద్యలో మాత్రం ఆయనకు తిరుగులేదు. కర్టెన్లు ఏ రంగువి కొనాలన్న కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూ, పాత కర్టెన్లు కడ్డీ నుంచి రాలిపడిన రోజున ఎవరి ప్రమేయమూ లేకుండా ముగిసింది. అప్పటినుంచి ఎండ నేరుగా లోపలికి వస్తోంది.

కాఫీ తాగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని ఆయన బల్ల కొసన ఉన్న చేతుల కుర్చీలో కూర్చున్నారు. ఎదుట ఒక చెక్క గరిటె పెట్టుకున్నారు. గట్టిగా మాట్లాడేవాళ్లుంటే దానితో బల్ల మీద కొడతారు. ఉభయ పక్షాలూ చెరో వైపు కూర్చున్నాయి.

కోడలు తన వాదన చాలా మెత్తగా వినిపించింది. రోజూ కాదు, ఈ ఒక్క రోజు, అదీ ఒక్క గంట. అత్తగారు అంత మెత్తగా మాట్లాడలేదు. ఒక్క గంట అని మొదలుపెట్టి ఒళ్లో పెట్టుకు పడుకునేదాకా వస్తారన్నారు. కళ్లు పోతాయి, మెడ వంగుతుంది, పెన్సిలు పట్టుకోవడం మర్చిపోతుంది అన్నారు. తను ఇద్దరు పిల్లల్ని ఏ ట్యాబూ లేకుండా పెంచి ప్రయోజకుల్ని చేశానని కూడా చెప్పారు. ఆ ప్రయోజకుల్లో ఒకడు పక్కనే కూర్చుని చెవిలో వేలు తిప్పుకుంటున్నాడు. చిన్నప్పుడు ఆయన్ని టీవీ ముందు కూర్చోబెట్టేగా ముద్దలు పెట్టేవారు అని కోడలు గొణిగింది.

అత్తగారు తడుముకోలేదు. "టీవీ గోడకి ఉంటుంది. ఇది ఒళ్లో ఉంటుంది."

మామగారు కళ్లజోడు పైనుంచి చూసి, ఇది ఆలోచించాల్సిన పాయింటేనన్నారు.

భర్త అభిప్రాయం అడిగారు. అతనిది పరుపుల షాపులో సేల్స్ ఉద్యోగం. గట్టి పరుపు అడిగినవాళ్లకి గట్టిదే నడుముకి మంచిదనీ, మెత్తటిది అడిగినవాళ్లకి మెత్తటిదే నడుముకి మంచిదనీ చెప్పి చెప్పి, అతనికి సొంత అభిప్రాయం అనే వస్తువు స్టాకులో లేకుండా పోయింది. "ఇద్దరూ చెప్పింది కరెక్టే నాన్నా," అన్నాడు.

సైరన్‌ని సాక్షిగా పిలిచారు. ట్యాబ్ ఇస్తే ఏం చేస్తావని తాతయ్య అడిగారు.

"ముందివ్వు. తర్వాత చెప్తా."

ఇంతలో తొమ్మిదిన్నర దాటింది. కోడలు గడియారం వైపు చూసింది. మామగారు ఆ చూపు గమనించి, న్యాయం తొందరపడితే అన్యాయమవుతుందనీ, కళ్ల విషయం వచ్చింది కాబట్టి నిపుణుడి సాక్ష్యం లేకుండా ముందుకు పోలేమనీ తేల్చారు. నిపుణుడు పై అంతస్తులోనే ఉన్నాడు, కళ్ల డాక్టరు. భర్తని పంపించారు. భార్య కంగారు చూసి భర్త మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, "డాక్టరుగారూ, మా అమ్మాయి కళ్ల విషయం, వెంటనే రండి," అన్నాడు. అప్పుడే ఒక చెంప గడ్డం గీసుకున్న డాక్టరు, రెండో చెంప నురగతోనే, తువ్వాలు మెడలో వేసుకుని, టార్చిలైటు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే సైరన్‌ని పట్టుకుని రెప్పలు పైకెత్తి చూశాడు. సైరన్ రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. తెరవలేకపోతోందని డాక్టరు కంగారుపడ్డాడు. తెరవలేక కాదు, తెరవడం ఇష్టం లేక అని తేలడానికి చాలాసేపు పట్టింది.

పిల్ల కళ్లకి ఏమీ కాలేదనీ, ట్యాబ్ ఇస్తే ఏమన్నా అవుతుందా అన్నదే ప్రశ్న అనీ తెలిశాక డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. తిరిగి వెళ్లిపోవలసినవాడే. కానీ అత్తగారు కాఫీ ఇచ్చారు, మామగారు నిపుణులు అన్నారు. ఆ రెండూ ఒకేసారి దొరికిన మనిషి లేవడం కష్టం. తెర ఎంత పెద్దది, వెలుగు ఎంత, ఎంత దూరంలో పట్టుకుంటారు, ఇవేమీ చూడకుండా చెప్పలేనన్నాడు. వస్తువుని కోర్టులో హాజరుపరచాలన్నారు మామగారు.

భర్త కుర్చీ ఎక్కి బీరువా మీది నుంచి డబ్బా దింపాడు. సైరన్ చప్పట్లు కొట్టింది. మామగారు డబ్బాకి వస్తువు నంబరు ఒకటి అని చీటీ అంటించి, అందరి సమక్షంలో విప్పించి, ట్యాబ్‌కి మరో చీటీ, చార్జరుకి ఇంకో చీటీ అంటించారు. భర్త దాన్ని వైఫైకి కలిపాడు. అందులో ముందే ఉన్న ఆట ఒకటే. కిందినుంచి రంగు రంగుల బుడగలు లేస్తుంటాయి. వేలితో తాకితే పగులుతాయి. తప్పించుకుపోయిన బుడగ తెర పైన ఆగి పళ్లికిలిస్తుంది.

ఆడేటప్పుడు రెప్ప వేయడం ఎంత తగ్గుతుందో చూడాలని డాక్టరు శాస్త్రీయంగా మొదలుపెట్టాడు. కాసేపటికి రెప్ప సంగతి వదిలేశాడు. నిపుణుడు చూస్తే సరిపోదనీ, స్వయంగా పరిశీలించడం ధర్మమనీ మామగారు తీసుకున్నారు. బుడగ ఒకటి తప్పించుకుని ఇకిలించగానే ఆయన వెన్ను నిటారుగా అయింది. సర్వీసంతా ఆయన్ని చూసి ఎవరూ అలా పళ్లికిలించలేదు. మీకు చేతకావడం లేదు ఇటివ్వండి అని అత్తగారు లాక్కుని సోఫాలో కూర్చున్నారు. మిషన్ మీద బట్టలు కుట్టిన వేళ్లు కాబట్టి ఆవిడ వరసపెట్టి పగలగొట్టుకుంటూ పోయారు. తర్వాత నేను, తర్వాత నేను అని పురుషులిద్దరూ ఆవిడ వెనకే సోఫా దగ్గరికి వచ్చి వంతులు వేసుకున్నారు. సైరన్ కాళ్ల సందులోంచి దూరి చూడబోతే, ముగ్గురూ ఒక్కసారే, "చిన్నపిల్లలు చూడకూడదు," అన్నారు.

పదకొండు కావస్తోంది. కోడలు చీర మార్చుకుని, జుట్టు సవరించుకుని వచ్చి సోఫా దగ్గర నిలబడింది. "మామయ్య గారూ, ఏదో ఒకటి చెప్పండి. ఇస్తే ఇద్దాం, లేదంటే వేరే దారి చూసుకుంటా."

ఆయన తల ఎత్తలేదు. వేలు ఆపలేదు. "వచ్చే శనివారానికి వాయిదా అమ్మా. అంతవరకు వస్తువు కోర్టు ఆధీనంలో ఉంటుంది."

సైరన్ నోరు తెరిచి, గుండెల నిండా గాలి పీల్చింది. కోడలు కళ్లు మూసుకుంది. కానీ ఏ చప్పుడూ రాలేదు. పెద్దవాళ్లందరూ సోఫా దగ్గర గుమిగూడడంతో చేతుల కుర్చీ ఖాళీ అయింది. దాని ముందు గరిటె ఉంది. సైరన్ పీల్చిన గాలిని మెల్లగా వదిలేసి, కుర్చీ ఎక్కి, గరిటె చేతిలోకి తీసుకుంది. కోడలు ఇక ఆలోచించకుండా పడకగదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరిచింది.

తెర మీద ముగ్గురున్నారు. మధ్యలో మీసాలాయన, ఆయన చైర్మన్. ఒక పక్క ఒకావిడ. ఇంకో పక్క కెమెరా ఎలా పెట్టుకోవాలో తెలియని ఒకాయన, నుదురు మాత్రం కనిపిస్తోంది. చైర్మన్ మొదటి ప్రశ్న వేశాడు. ఒకే కుళాయి గురించి నలుగురు నాలుగు రకాలుగా అరుస్తున్నారు, ఎవరూ తగ్గడం లేదు, మీరేం చేస్తారు అన్నాడు. కోడలు గొంతు సవరించుకుని, ముందుగా అందరి మాటా ఓపికగా వింటానంది. నుదురు ముడుచుకుంది. కిందటిసారి ఇంటర్వ్యూ ఎక్కడ చెడిందో ఇప్పుడూ అక్కడికే వస్తోందని ఆమెకి తెలిసిపోతోంది. కానీ నోటికి వేరే మాట రావడం లేదు.

అప్పుడే హాల్లోంచి గొడవ మొదలైంది. బుడగలు పగలగొట్టే వంతు నాదంటే నాదని, నువ్వు రెండుసార్లు ఆడావంటే అది లెక్కలోకి రాదని, ఇల్లెవరిదని ఒకరంటే నిపుణుడెవరని ఇంకొకరు. చైర్మన్ చెవి కెమెరా దగ్గరికి తెచ్చాడు.

"పిల్లలు గొడవపడుతున్నట్టున్నారు. బాగా చిన్నవాళ్లా?"

"ఒకరు కళ్ల డాక్టరండీ," అంది కోడలు. అబద్ధం చెప్పడానికి ఆమెకి వ్యవధి దొరకలేదు.

ఆ సమయంలో హాల్లో ఆట ఆగిపోయింది. అత్తగారు అన్ని బుడగలూ పగలగొట్టేశారు. తర్వాతి మెట్టు ఎక్కాలంటే అది నెట్‌లోంచి దిగాలట. దిగడం లేదు. తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతోంది. ఇంట్లో నెట్టంతా ఇంటర్వ్యూ తాగేస్తోందని ఎవరికీ తట్టలేదు. పై ఇంట్లో తను చేసే వైద్యం డాక్టరు చెప్పాడు. వైఫై డబ్బా ఆపి మళ్లీ వేయాలి. తల్లికీ తండ్రికీ డాక్టరుకీ ఒకే అభిప్రాయం ఉండడం అరుదు కాబట్టి, భర్త సంతోషంగా వెళ్లి స్విచ్చి ఆపేశాడు.

పడకగదిలో చైర్మన్ మీసం మెలిపెడుతూ బిగుసుకుపోయాడు. ఆవిడ నోరు తెరిచి ఆగిపోయింది. నుదురు ముడుచుకునే ఉండిపోయింది. తర్వాత ముగ్గురూ మాయమై, తెర మీద చక్రం మిగిలింది.

కోడలు కాసేపు ఆ చక్రాన్ని చూసింది. కుర్రాడు ఆ పైఅధికారి కుర్చీలో కూర్చుని "రాంగ్ నంబర్" అంటున్నట్టు కనిపించింది. అయిపోయింది. ఇక పోగొట్టుకోవడానికేమీ లేదు. అది అర్థమయ్యేసరికి, ఎందుకోగానీ, ఒళ్లంతా తేలికైపోయింది. లేచి, తలుపు బార్లా తెరిచి హాల్లోకి వచ్చింది.

మామగారి ఒళ్లో ట్యాబ్ ఉంది. డాక్టరు ఆయన భుజం మీదికి వాలాడు. నురగ ఎండిపోయి చెంప మీద పెచ్చులు కట్టింది. అత్తగారు ట్యాబ్ ఒక కొస పట్టుకున్నారు. భర్త ప్లగ్గు దగ్గర గొంతుక్కూర్చుని, స్విచ్చి మళ్లీ వేసేసి, వచ్చిందా అని అడుగుతున్నాడు. చేతుల కుర్చీలో సైరన్ నిశ్శబ్దంగా, గరిటె నిలువుగా పట్టుకుని, అందరినీ గమనిస్తోంది.

కోడలు అరవలేదు. రోజూ ఫోన్‌లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. మాటలే వేరు.

"ఇటివ్వండి మామయ్య గారూ."

"ఇంకా పరిశీలన పూర్తి—"

"పూర్తయింది. ఇటివ్వండి."

ఆయన ఇచ్చేశారు. ఇచ్చినట్టు ఆయనకి తర్వాతగానీ తెలియలేదు. అత్తగారు ఏదో అనబోయారు. కోడలు అటు తిరిగింది.

"అత్తయ్యా, మీరన్నదే కరెక్టు. ఇది ఒళ్లో పెట్టుకుంటే మనిషి మనిషిలా ఉండడు. పొద్దుట్నించి ముగ్గుర్ని చూశాను. ఏమండీ, మీరు అక్కణ్నించి లేవండి. డాక్టరుగారూ, మీరు రెండో చెంప గీసుకోండి."

గరిటె బల్ల మీద ఒక దెబ్బ పడింది. సైరన్ పరిస్థితి అర్థం చేసుకుంది.

"తీర్పు చెప్తున్నా," అంది కోడలు. "ఈ ఇంట్లో పెద్దవాళ్లకి ట్యాబ్ ఇవ్వకూడదు. చిన్నపిల్లలకి ఇవ్వాలా వద్దా అన్నది పెద్దవాళ్లు బాగుపడ్డాక చూద్దాం. పొద్దుట్నించి దాన్ని ముట్టుకోనిది, గొడవ చెయ్యనిది ఈ పిల్ల ఒక్కతే. కాబట్టి దీని దగ్గరే ఉంటుంది. ఎవరికి కావాలన్నా దీన్ని అడగండి."

మామగారు నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా, అప్పీలుకి అవకాశముందా అని అడిగారు.

"లేదు. వాయిదా కూడా లేదు. ఇది అయిపోయింది. ఎవరి పనికి వాళ్లు వెళ్లండి."

ఆశ్చర్యమేమిటంటే అందరూ వెళ్లారు. డాక్టరు తువ్వాలు సర్దుకుని మెట్లెక్కాడు. అత్తగారు వంటింట్లోకి, మామగారు బాల్కనీలోకి నడిచారు. భర్తకి ఎటు వెళ్లాలో తోచక కాసేపు నిలబడి, చివరికి ఖాళీ కాఫీ కప్పులు తీశాడు.

కోడలు లాప్‌టాప్ మూద్దామని పడకగదిలోకి వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయింది. తెర మీద ముగ్గురూ ఉన్నారు. భర్త స్విచ్చి వేయగానే వాళ్లు తిరిగొచ్చి, తెరిచిన తలుపులోంచి అంతా విన్నట్టున్నారు. మూడో ఆయన బాగా వినబడాలని ముందుకి వంగడంతో మొదటిసారి ఆయన ముఖం కనిపించింది. పద్ధతైన ముఖమే. కోడలు కూర్చుని క్షమాపణలు చెప్పబోయింది. చైర్మన్ చెయ్యెత్తి ఆపాడు.

"డాక్టరుగారు వెళ్లిపోయారా?"

"వెళ్లిపోయారండీ."

"మళ్లీ వస్తానన్నారా?"

"అనలేదండీ."

 చైర్మన్ మీసం మీద చెయ్యి వేసుకుని, ఇక ప్రశ్నలేమీ లేవన్నాడు. తెర నల్లబడింది. ఆ మాట ఎలాంటి ఇంటర్వ్యూల చివర అంటారో ఆమెకి కిందటిసారి నుంచీ తెలుసు. మంచం మీద కూర్చుని, ఎవరూ చూడకుండా కాస్త ఏడ్చి, మొహం కడుక్కుని వంటకి వెళ్లింది. అత్తగారు అప్పటికే కూరగాయలు తరిగేశారు. ఏం వండమంటావమ్మా అని అడిగారు. పెళ్లయ్యాక ఆవిడ ఆ ప్రశ్న వేయడం అదే మొదలు.

సోమవారం ఆఫీసుకి చైర్మనే ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లందరూ ఫిర్యాదుని ఎలా స్వీకరిస్తారో చాలా వివరంగా చెప్పారట. కుర్రాడు స్వీకరించకుండా ఎలా ఉండాలో కూడా చెప్పాడట. ఫిర్యాదుని ముగించడం బోర్డువాళ్లు చెవులారా విన్నది మాత్రం ఆమె ఒక్కతి దగ్గరేనట. రేపటి నుంచి కొత్త కుర్చీలో కూర్చోమన్నాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, ఆ బుడగల ఆట పేరేమిటని అడిగాడు. ఆమె ముందులా "తప్పకుండా చూస్తామండీ" అనలేదు. "వద్దు సార్," అంది.

ఇంట్లో తీర్పు అమలవుతోంది. రోజూ సాయంత్రం మామగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి మనవరాలి కుర్చీ ముందు నిలబడి, ఒక్క పది నిమిషాలు అంటారు. సైరన్ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, రేపు రమ్మంటుంది. డాక్టరు బిస్కెట్లు తెస్తాడు. ఆమె బిస్కెట్లు తీసుకుని, వెనకాల నిలబడమంటుంది. ట్యాబ్ మాత్రం ఆమె ఇంతవరకు ఆన్ చేసి చూడలేదు. పదవిలోకి వచ్చాక ఆడుకోవడానికి తీరిక దొరకడం లేదట.